తోక తెగిన బుల్లెట్

మోటారుసైకిలు వెనుక మడ్‌గార్డు పొట్టిగా కోయించడం కుర్రకారుకు సరదా. 1940లలో అమెరికావాళ్ళు బరువు తగ్గుతుందని ఇలా కోసేవారు. ఆ బళ్ళకే 'బాబర్' అని పేరు. మా అన్నయ్య కూడా తన పాత బుల్లెట్‌కు కోయించి నల్లరంగు కొట్టించాడు. చూడముచ్చటగానే ఉంది గాని, తోకదీపం మినుకుమినుకుమంటోంది. రాత్రిళ్ళు చేలో మోటారు వేసి మెయిన్‌రోడ్డు మీద వచ్చే మనిషి, వెనకాల లారీలు!

విప్పి చూశాం. బల్బులో ఫిలమెంట్లు రెండు: 5 వాట్లది దీపానికి, 21 వాట్లది బ్రేకుకు. ఆ బండిలో రెండింటి కరెంటూ తిరిగి బ్యాటరీకి చేరవలసింది మడ్‌గార్డు ఇనుము గుండానే. రంగు అడ్డుపడితే ఇక దారేదీ? బోల్టు చుట్టూ రంగు గీకి, చట్రానికి విడిగా ఎర్తు తీగ లాగాం. ఇద్దరెక్కితే బండి కుంగి టైరు మడ్‌గార్డుకు దగ్గరవుతుంది. అందుకని తీగ వేలాడకుండా అంచు వెంబడి బిగించాం. ఎర్ర రిఫ్లెక్టరు కూడా పెట్టాం. బల్బు మాడినా లారీ వెలుతురుకే అది మెరుస్తుంది.

వానాకాలం బురద మాత్రం ఇప్పటికీ అన్నయ్య వీపు మీదే!