నవంబరు మొదటి తేదీ

మన పండుగలును పితృకార్యములును తిథులనుబట్టి నడుచును. కచేరీలును కోర్టులును ఇంగ్లీషు తేదీలనుబట్టి నడుచును. రాజ్యములు చేతులు మారుటయు ఈ రెండవ లెక్కలోనే నమోదగుచున్నది. అట్టి తేదీలలో తెలుగువారికి మిక్కిలి ముఖ్యమైనది నవంబరు 1. వేర్వేరు సంవత్సరములలో ఆ దినమున జరిగిన ఘటనలను ఒకచోట చేర్చి చూచినచో, కొన్నిటిని మనుష్యులే ఏరికోరి ఆ తేదీకి ముడివైచిరనియు, ఒక్కదానియందు మాత్రము ఆనాటి పండుగయే విపత్తును మరింత ఘోరము గావించెననియు తెలియును.

ఆ విపత్తు 1755లో పోర్చుగల్ రాజధానియైన లిస్బన్‌లో సంభవించినది. నవంబరు 1 రోమన్ కాథలిక్కులకు సకల పునీతుల పండుగ. ఉదయము తొమ్మిదిన్నర దాటిన వేళ జనులు చర్చీలలో క్రిక్కిరిసి ప్రార్థనలు సలుపుచుండిరి. బలిపీఠములమీద క్రొవ్వొత్తులు వెలుగుచుండెను. అట్లాంటిక్ సముద్రగర్భమున పుట్టిన భూకంపము కొన్ని నిమిషములపాటు నగరమును ఊపివేయగా, రాతికప్పులు ప్రార్థించువారిపైననే కూలెను. బ్రదికి బయటపడినవారనేకులు, పైబడుటకు గోడలు లేని చోటుగదా యని నదీతీరమునకు పరుగెత్తిరి. కొంతసేపటికి అక్కడి నీరు వెనుకకు తీసి, పెనుకెరటములై మరలివచ్చి వారిని కబళించెను. ఇంతలో ఒరిగిన క్రొవ్వొత్తులనుండియు వంటయిండ్ల పొయ్యిలనుండియు రేగిన మంటలు కలిసి, దినములతరబడి నగరమును దహించెను. 70,000 గ్రంథములుగల రాజభవన గ్రంథాలయమును, ఆ సంవత్సరమే తెరచిన సంగీతనాటకశాలయు నశించెను. పదులవేల ప్రజలు మరణించిరి. మరియొక దినమైనచో నష్టము కలుగకపోయెడిదని కాదు. అయినను అంతమంది ఒక్క వేళ రాతికప్పుల క్రింద చేరియుండుటకును, అన్ని దీపములు ఒక్కసారి వెలుగుచుండుటకును కారణము ఆ పండుగయే.

పూజావేళ భక్తులే యేల మృతినొందవలెనను ప్రశ్న ఐరోపాలోని ఆలోచనాపరులను కలచివైచెను. వోల్టేర్ ఆ దుఃఖమును కావ్యముగా రచించి, 1759లో వెలువడిన ‘కాండీడ్’ నవలలోనికిని లిస్బన్‌ను తెచ్చెను. కాంట్ 1756లో భూకంపములకు ప్రకృతిసిద్ధములైన కారణములను అన్వేషించుచు వ్యాసములు ప్రకటించెను. నాకు వీరికంటెను అధికముగా గౌరవార్హుడని తోచువాడు, పిమ్మట పోంబాల్ ప్రభువని ప్రసిద్ధికెక్కిన పోర్చుగల్ మంత్రి. కంపము ఎంతసేపు నిలిచినది, సముద్రము మొదట పొంగినదా తగ్గినదా, ఎందరు మరణించిరి అని ప్రశ్నావళిని ఆయన ప్రతి పారిషునకును పంపి సమాధానములు తెప్పించెను. వాటిని నేటికిని శాస్త్రజ్ఞులు పరిశీలించుచున్నారు. కూలిన నగరమధ్యమున తిన్నని వెడల్పు వీథులు తీర్చి, గోడలలో కొయ్యచట్రములు పొదిగి, కంపమున కోర్చు గృహములను కట్టించిరి.

మన దేశమున 1858 నవంబరు 1న అలహాబాదులో కానింగ్ ప్రభువు విక్టోరియా రాణి ప్రకటనను చదివెను. కంపెనీ పాలన తొలగి రాణీపాలన వచ్చినదని చాటిన ఆ పత్రము మతవిషయములలో జోక్యముండదనియు, ఉద్యోగములలో జాతిభేదము పాటింపబడదనియు వాగ్దానము చేసెను. ఆ రెండవ మాటను నిలుపుమని మనవారు దశాబ్దములపాటు అడుగవలసివచ్చెను.

1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ అమలులోనికి వచ్చినదియు నవంబరు 1ననే. కేరళమును, విస్తరించిన మైసూరును, ఆంధ్రప్రదేశ్‌ను ఒకే దినమున అవతరించెను. నిజామేలిన సీమ మూడు పాలయ్యెను: మరాఠ్వాడా బొంబాయిలోను, కన్నడ జిల్లాలు మైసూరులోను, తెలంగాణము ఆంధ్రముతోను కలిసెను. ఈ పునర్వ్యవస్థీకరణకై నియమింపబడిన ఫజల్ అలీ సంఘము తెలంగాణమును తత్కాలమునకు వేరుగానే యుంచి, 1961 ప్రాంతపు ఎన్నికల పిమ్మట శాసనసభలో మూడింట రెండువంతుల మంది కోరినచో కలుపవచ్చునని సలహా యిచ్చియుండెను. అంతవరకు వేచియుండక, 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఇరుప్రాంతముల నాయకులు తెలంగాణమునకు రక్షణలు కల్పించు పెద్దమనుష్యుల ఒప్పందము చేసికొనిరి. నీలం సంజీవరెడ్డి ప్రథమ ముఖ్యమంత్రి యయ్యెను. ఆ ఒప్పందములోని రక్షణలను శ్రద్ధతో పాటించియున్నచో 1969 నాటి ప్రత్యేక తెలంగాణ ఆందోళనయు, 2014 జూన్ 2 నాటి విభజనయు వేరుగా పరిణమించియుండెడివేమో! ఒక ప్రాంతమునకు పండుగయైన తేదీ మరియొక ప్రాంతమునకు మాట తప్పిన గురుతుగా మారుట తెలుగుజాతికి కలిగిన నిజమైన దుఃఖము.

ఆంధ్రప్రదేశ్ అవతరణకు రెండేండ్ల ముందు, 1954 నవంబరు 1ననే, పుదుచ్చేరి, కారైకాల్, మాహేలతోపాటు గౌతమీతీరమునందలి యానాము ఫ్రెంచివారి పాలననుండి భారతదేశ పరమయ్యెను. శారదా చట్టము బ్రిటిషు ఇండియాలో బాల్యవివాహములను నిషేధించినప్పుడు, అది చెల్లని యీ ఫ్రెంచి నేలకు చుట్టుప్రక్కల జిల్లాలవారు పెండ్లిబృందములతో తరలివచ్చుటచే దీనికి కల్యాణపురమను పేరు కలిగినది. 1954 జూన్ 13ననే దడాల రఫేల్ రమణయ్య ప్రభృతులు యానామున ఫ్రెంచి అధికారమును తొలగించిరి. నవంబరున ఆ నాలుగు సీమల పాలనయు భారతదేశమునకు అప్పగింపబడెను. రెండేండ్లకు ప్రక్కనున్న తెలుగుజిల్లాలన్నియు ఒక్క రాష్ట్రమైనప్పుడు యానామేల కలియలేదని కొందరికి తోచును. ఫ్రాన్సుతో 1956 మే 28న వ్రాసికొనిన సంధిపత్రము దానికి సమాధానము. 1954 నవంబరు 1కి పూర్వమున్న ప్రత్యేక పరిపాలనాస్థితి ఈ సీమలకు కొనసాగవలెననియు, ప్రజల కోర్కె నెరిగిన పిమ్మటనే దానిని మార్చవలెననియు అందు వ్రాసికొనిరి. ఆ సంధి 1962 ఆగస్టు 16న అమలులోనికి వచ్చినది. కావున ఇరువైపుల తెలుగుజిల్లాల నడుమనున్న యానామువారు నేటికిని తమ శాసనసభ్యుని తమిళసీమలోని పుదుచ్చేరికే పంపుచున్నారు.