క్లచ్ మార్చాక కారు ఎందుకు వణుకుతుంది?

సాయంత్రం ఆరు దాటాక ధౌలా కువా నుంచి గుర్‌గావ్ వెళ్లే దారిలో మూడో గేరు వేసే సందు దొరకదు. ఫస్టు, సెకండు, మళ్లీ ఫస్టు. ఎడమకాలు క్లచ్ పెడల్ మీదే ఉంటుంది. నోయిడా వైపు వెళ్లినా, ఫరీదాబాద్ వైపు వెళ్లినా ఆఫీసు వేళల్లో ఇదే వరస. ఇలా తిరిగే కారుకు క్లచ్ తొందరగా అరిగిపోవడం సహజం. గేర్‌బాక్స్ దింపించి, కొత్త సెట్ వేయించి, వేలల్లో బిల్లు కట్టి బయటికి వచ్చాక కొందరికి కొత్త బాధ మొదలవుతుంది. బండి కదిలేటప్పుడు జర్కు. నిలబడినప్పుడు స్టీరింగులో వణుకు. మునుపు లేని గరగర శబ్దం. గ్యారేజీలో అడిగితే "కొత్త ప్లేటు కదా సార్, కొన్నాళ్లు తిరిగితే సెట్టవుతుంది" అంటారు.

అందులో కొంత నిజముంది. కొత్త ప్లేటు, ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం ఫ్లైవీల్‌కు ఒదగడానికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది. కదిలేటప్పుడు వచ్చే చిన్నపాటి జర్కు ఆలోపు పోవచ్చు. కానీ నిలబడిన బండిలో వణుకు, 80 వేగంలో సీటు కింద అదురు ఊరికే తిరిగితే పోయేవి కావు. కారులో తిరిగే ప్రతి భాగానికీ తనదైన వేగం ఉంటుంది. అది పుట్టించే వణుకు కూడా ఆ వేగంతోనే వస్తుంది. కాబట్టి తప్పు ఎక్కడుందో చాలావరకు ఒక్క బోల్టు కూడా విప్పకుండానే తెలుసుకోవచ్చు. ఆ లెక్క అర్థం కావాలంటే ముందు క్లచ్ పుట్టుపూర్వోత్తరాలు చూడాలి.

కదలని చక్రం, ఆగని ఇంజిన్

పెట్రోలు, డీజిల్ ఇంజిన్లకు పుట్టుకతో వచ్చిన లోపం ఒకటుంది. అవి సున్నా వేగం నుంచి బరువు లాగలేవు. నిమిషానికి ఏడెనిమిది వందల చుట్లయినా తిరుగుతుంటేనే బతికి ఉంటాయి. సిగ్నల్ దగ్గర ఆగిన చక్రమేమో అసలు తిరగదు. తిరిగేదాన్ని, తిరగనిదాన్ని విరగకుండా కలపాలి. అందుకు ఉన్న దారి, మొదట జారనిచ్చి తర్వాత గట్టిగా పట్టుకోవడం. క్లచ్ పని అదే.

ఆ జారుడుకు ఖర్చు ఉంది. వెయ్యి కిలోల కారును నిశ్చల స్థితి నుంచి గంటకు 10 కి.మీ. వేగానికి తెస్తే అది సంపాదించే గతిశక్తి సుమారు 3,900 జౌళ్లు. ఇంజిన్ వేగం నిలకడగా ఉంచి చదును రోడ్డు మీద బండి కదిలిస్తే, దాదాపు అంతే శక్తి క్లచ్‌లో వేడిగా మారుతుంది. ఒక్కసారికి అది పెద్ద లెక్క కాదు. నిమిషానికోసారి కదులుతూ ఆగుతూ గంటసేపు సాగే ప్రయాణంలో, ఫ్లైఓవర్ ఎక్కుడు మీద హాఫ్ క్లచ్‌తో బండిని నిలబెట్టే అలవాటుతో అదంతా పోగవుతుంది. ఫ్లైవీల్ ముఖం మీద నీలి మచ్చలు తేలేది ఈ వేడికే.

తోలు నుంచి స్ప్రింగుల దాకా

1886లో కార్ల్ బెంజ్ పేటెంట్ పొందిన మూడు చక్రాల మోటారు బండిలో ఈ పనిని బెల్టు చేసేది. ఖాళీగా తిరిగే పుల్లీ మీది బెల్టును పక్కకు జరిపి, బిగించిన పుల్లీ మీదికి తెస్తే బండి కదిలేది. ఆ తర్వాత తోలు తొడిగిన శంఖాకారపు క్లచ్ వచ్చింది. తోలు ఎండిపోతే ఒక్కసారిగా పట్టేసి బండి ఎగిరిపడేది, మెత్తబడటానికి నూనె పట్టించేవాళ్లు. నూనె ఎక్కువై జారితే ఫుల్లర్స్ ఎర్త్ చల్లేవాళ్లు. మన ఇళ్లల్లో ముల్తానీ మట్టి అనేది అదే. అంటే క్లచ్ జర్కు నిన్న మొన్నటి ఫిర్యాదు కాదు, మోటారు బండంత పాతది.

20వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండ్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్ హెన్రీ హీల్-షా ఒక పలక చాలదని, నూనెలో మునిగిన అనేక పలకలతో క్లచ్ తయారుచేశాడు. ఫ్రాన్స్‌లో డి డియాన్-బూటాన్ కంపెనీ ఒకే పలక క్లచ్‌ను వాడుకలోకి తెచ్చింది. డెర్బీషైర్‌లో హెర్బర్ట్ ఫ్రూడ్ 1897లో మొదలుపెట్టిన ఫెరోడో సంస్థ రాపిడి పదార్థాల మీద పనిచేసింది. తోలు పోయి ఆస్‌బెస్టాస్ లైనింగులు వచ్చాయి. అవి వేడిని తట్టుకున్నాయి కానీ, వాటి దుమ్ము ఊపిరితిత్తుల ప్రాణం తీస్తుందని లోకానికి ఆలస్యంగా తెలిసింది. పాత బండి క్లచ్ విప్పినప్పుడు ఆ పొడిని గాలి పైపుతో ఊదడం నేటికీ చాలా గ్యారేజీల్లో ఉన్న అలవాటు. అది మానాలి. తడిగుడ్డతో తుడవడం మెకానిక్ ప్రాణానికి మేలు.

తర్వాతి మార్పులన్నీ వణుకును చంపడానికి వచ్చినవే. ఇంజిన్ తిప్పుడు సాఫీగా ఉండదు. సిలిండర్ పేలిన ప్రతిసారీ ఒక తోపు, మధ్యలో ఒక తగ్గు. ఆ తోపులు గేర్లకు చేరి గలగలమనకుండా ప్లేటు మధ్యలో చిన్న స్ప్రింగులు పెట్టారు. క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు అదిమిపట్టే ప్రెషర్ ప్లేటు చుట్టూ ఉండే కాయిల్ స్ప్రింగుల స్థానంలో రేకుల్లా చీలికలున్న ఒకే డయాఫ్రమ్ స్ప్రింగు వచ్చింది. ఎక్కువ వేగంలోనూ దాని పట్టు సడలదు, పెడల్ తేలికవుతుంది. 1965లో జర్మనీలోని బూల్‌లో మొదలైన లూక్ కంపెనీ దీన్ని ఐరోపా కార్లలో విస్తరింపజేసింది. అదే కంపెనీ 1985లో ఫ్లైవీల్‌నే రెండు ముక్కలు చేసి నడుమ పొడవాటి స్ప్రింగులు పెట్టింది. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ అంటే ఇదే. డీజిల్ కార్లలో క్యాబిన్ నిశ్శబ్దంగా ఉండటానికి ఇదొక ముఖ్య కారణం.

రాజధాని చుట్టూ

ఈ కథలో ఢిల్లీ చుట్టుపక్కల ఊళ్లకు పెద్ద పాత్రే ఉంది. 1983 డిసెంబర్ 14న ప్రధాని ఇందిరాగాంధీ చేతుల మీదుగా హర్పాల్ సింగ్ తొలి మారుతి 800 తాళాలు అందుకున్నారు. గుర్‌గావ్‌లో తయారైన ఆ 796 సీసీ మూడు సిలిండర్ల కారు మెకానిక్కులకు కొత్త పాఠం తెచ్చింది. అంతకుముందు వాళ్లు ఎరిగిన అంబాసిడర్‌లో ఇంజిన్ నిలువుగా, ప్రొపెల్లర్ షాఫ్ట్ వెనక చక్రాల దాకా ఉండేది. మారుతిలో ఇంజిన్ అడ్డంగా తిరిగింది, ముందు చక్రాలే బండిని లాగాయి. క్లచ్ మార్చాలంటే యాక్సిళ్లు, ఇంజిన్‌ను పట్టి ఉంచే మౌంటింగులు కదిలించక తప్పదు. 1985లో ధారుహేరా నుంచి హీరో హోండా సీడీ 100 వచ్చింది. దాని క్లచ్ నూనెలో మునిగిన అనేక పలకలది, అంటే హీల్-షా ఆలోచనకు వారసురాలు. 2014 ఫిబ్రవరిలో గ్రేటర్ నోయిడా ఆటో ఎక్స్‌పోలో మారుతి సెలెరియో సామాన్యుడికి అందే ధరలో, గేర్లు తనంతట తానే మార్చుకునే ఏఎంటీ గేర్‌బాక్స్‌ను తెచ్చింది. పెడల్ పోయింది కానీ క్లచ్ పోలేదు. దాన్ని నొక్కే పని కాలి నుంచి కంప్యూటర్‌కు మారింది.

ఏఎంటీ కారు యజమానులు ఇక్కడొకటి గమనించాలి. పాత ప్లేటు ఎక్కడ పట్టుకునేదో కంప్యూటర్ గుర్తుపెట్టుకుంటుంది. కొత్త ప్లేటు పట్టే చోటు వేరు. స్కానర్ పెట్టి కొత్త చోటును నేర్పించకపోతే, ఎంత మంచి క్లచ్ వేసినా బండి జర్కిస్తుంది.

గేర్‌బాక్స్ దిగినప్పుడు

తప్పులు ఎక్కువగా పుట్టేది ఈ కాసేపట్లోనే. కాశ్మీరీ గేట్ మార్కెట్ నుంచి కొత్త సెట్ వచ్చింది. పాతది ఊడదీశారు. ఫ్లైవీల్ ముఖం మీద నీలి మచ్చలున్నాయి, ఆ మచ్చల దగ్గర ఇనుము గట్టిపడి ఉంటుంది. ఢిల్లీలో ఖరాద్ అని పిలిచే లేత్ దుకాణానికి పంపితే, పనిముట్టు ఆ గట్టి చోట్ల ఎగిరి ముఖం మీద కనబడని గుట్టలు మిగులుస్తుంది. అందుకే ఫ్లైవీల్‌ను లేత్ మీద చెక్కడం కన్నా గ్రైండింగ్ చేయించడం మేలు. తిరిగి బిగించాక డయల్ గేజ్ పెట్టి చేత్తో తిప్పి చూడాలి. ముఖం ఊగడానికి ఉండే హద్దు సాధారణంగా మిల్లీమీటరులో ఒకటి, రెండు పదోవంతుల దగ్గరే ఉంటుంది. ఆ ఊగుడు కంటికి ఆనదు, గేజ్ ముల్లుకే తెలుస్తుంది.

ప్రెషర్ ప్లేట్ బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. ఒక వైపు ముందే బిగిస్తే ప్లేటు వంకరవుతుంది. క్లచ్ ప్లేటు మీద ఫ్లైవీల్ వైపు ఏదో రాసి ఉంటుంది. తిరగేసి పెడితే మధ్యభాగం ఫ్లైవీల్ బోల్టులకు రాసుకుంటుంది. గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు జాకీ తీసేసి దాని బరువంతా షాఫ్టు మీద వేలాడనిస్తే కొత్త ప్లేటు అక్కడికక్కడే వంగిపోతుంది. ఇంజిన్ వెనక సీలు కారుతున్నా పట్టించుకోకపోతే కొన్నాళ్లకే కొత్త లైనింగు నూనె తాగుతుంది. నూనె తాగిన లైనింగు సమానంగా జారదు. పడుతుంది, వదులుతుంది, మళ్లీ పడుతుంది. సెకనుకు పది పన్నెండు సార్లు ఇలా జరిగితే కారు మొత్తం ఊగుతుంది.

విప్పకముందు మూడు ప్రశ్నలు

మొదటి ప్రశ్న: బండి నిలబడి ఉన్నప్పుడు వణుకు వస్తుందా? న్యూట్రల్‌లో ఉంచి యాక్సిలరేటర్ నెమ్మదిగా పెంచాలి. ఇంజిన్ వేగంతో పాటు వణుకు పెరుగుతూ పోతే ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేట్ బ్యాలెన్స్‌ను అనుమానించాలి. ఐడిల్‌లోనే ఎక్కువై, వేగం పెంచితే తగ్గితే ముందు మౌంటింగులు చూడాలి. ఇంజిన్‌ను మెలితిరిగిన స్థితిలో బిగించేసి ఉండొచ్చు. మౌంటింగులు కాస్త వదులు చేసి, ఇంజిన్‌ను దాని చోట కుదుటపడనిచ్చి మళ్లీ బిగిస్తే చాలాసార్లు పని అయిపోతుంది. సైలెన్సర్ పైపు, దాని మీది రేకు బాడీకి తగులుతున్నాయేమో కూడా చూడాలి.

రెండో ప్రశ్న: పెడల్ నొక్కితే శబ్దం మారుతుందా? న్యూట్రల్‌లో పెడల్ వదిలినప్పుడు వచ్చే శబ్దం, నొక్కగానే మాయమైతే దాని మూలం గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్టు వైపు. పెడల్ నొక్కితే ఆ షాఫ్టు ఆగిపోతుంది కాబట్టి శబ్దమూ ఆగుతుంది. అక్కడి బేరింగు అరిగి ఉండొచ్చు, లేదా ఆ ఇంజిన్‌కు సరిపడని స్ప్రింగుల ప్లేటు వేసి ఉండొచ్చు. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ ఖరీదని తీసేసి మామూలుది బిగించినా ఈ గలగల వస్తుంది. ఇందుకు విరుద్ధంగా, నొక్కినప్పుడు మాత్రమే శబ్దం వస్తే పెడల్ నొక్కితే డయాఫ్రమ్ స్ప్రింగును నెట్టే రిలీజ్ బేరింగును చూడాలి. నొక్కినా రివర్స్ గేరు గరగరమంటూ పడితే ప్లేటు పూర్తిగా విడవడం లేదు. వంగిందేమో, తిరగబడిందేమో చూడాలి.

మూడో ప్రశ్న: వణుకు ఇంజిన్‌తో వస్తుందా, రోడ్డుతో వస్తుందా? ఖాళీ రోడ్డు మీద ఒకే వేగంలో నాలుగో గేరులో ఒకసారి, ఐదో గేరులో ఒకసారి వెళ్లి చూడాలి. గేరు మారితే వణుకు తీరు మారితే అది ఇంజిన్, క్లచ్ వైపుది. గేరు ఏదైనా అదే వేగంలో అలాగే వస్తే చక్రాలు, యాక్సిళ్లు, వెనక చక్రాల బండయితే ప్రొపెల్లర్ షాఫ్ట్. గుర్తు పెట్టకుండా ఆ షాఫ్టు విప్పి వేరే కోణంలో బిగిస్తే, క్లచ్ మచ్చలేనిదైనా బండి అదురుతుంది.

సెకనుకు ఎన్నిసార్లు

ఇంత చూశాక అంకెలు మాట్లాడతాయి. 900 ఆర్‌పీఎం అంటే సెకనుకు 15 చుట్లు. వణుకు సెకనుకు 15 సార్లయితే బ్యాలెన్స్ తప్పింది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో 30, మూడు సిలిండర్లదైతే 22.5 దగ్గర కనిపిస్తే అది సిలిండర్ల సహజమైన తోపు, మౌంటింగులు దాన్ని ఆపలేకపోతున్నాయన్నమాట. 7.5 దగ్గర ఉంటే ఒక సిలిండర్ మండటం లేదు. పని చేసేటప్పుడు ఏదో కనెక్టర్ వదులైందేమో చూడాలి. 15 అంగుళాల చక్రమున్న కారు 80 వేగంలో వెళ్తే చక్రం సెకనుకు 11 చుట్లకు పైగా తిరుగుతుంది. ఆ వేగంలో 11 సార్ల అదురు కనబడితే క్లచ్ జోలికి వెళ్లే పనే లేదు.

ఇందుకు పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. మానేసర్‌లోని ఐక్యాట్ పరీక్షా కేంద్రంలో వాహనాల శబ్దం, కంపనాలు కొలవడానికి ప్రత్యేక ల్యాబ్ ఉంది. అయితే జేబులో ఉన్న ఫోన్‌లోనూ కంపనాన్ని కొలిచే సెన్సర్ ఉంటుంది. జర్మనీలోని ఆఖెన్ విశ్వవిద్యాలయం ఉచితంగా ఇచ్చే ఫిఫాక్స్ లాంటి యాప్ పెట్టి, ఫోన్‌ను సీటు పట్టా దగ్గర కదలకుండా ఉంచితే సెకనుకు ఎన్ని కంపనాలో గ్రాఫ్ చూపిస్తుంది.

చిన్న తేడా ఇంత వణికిస్తుందా అనే సందేహానికీ లెక్కే జవాబు. వాషింగ్ మెషీన్‌లో తడి దుప్పటి ఒక పక్కకు చేరితే యంత్రం ఎలా ఎగురుతుందో ఫ్లైవీల్‌లో జరిగేదీ అదే. ఒక మాదిరి నట్టు బరువు, 10 గ్రాములు, మధ్య నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో ఎక్కువైందనుకుందాం. 3,000 ఆర్‌పీఎం దగ్గర అది దాదాపు 10 కిలోల బలంతో, సెకనుకు 50 సార్లు క్రాంక్ షాఫ్టును చుట్టూ లాగుతుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలై 40 కిలోలకు చేరుతుంది. ప్రెషర్ ప్లేటును సరైన చోట నిలిపే డోవెల్ పిన్నుల్లో ఊడిపోయిన ఒకటి, పక్కకు జరిగిన ప్రెషర్ ప్లేటు ఈ పని చేయగలవు.

కాబట్టి క్లచ్ మార్పించే ప్రతివాళ్లూ గ్యారేజీని నాలుగు విషయాలు కాగితం మీద అడగాలి: ఫ్లైవీల్ ఊగుడు ఎంత వచ్చింది, బోల్టులు టార్క్ రెంచ్‌తో బిగించారా, సీళ్లు చూశారా, విప్పకముందు భాగాలకు గుర్తులు పెట్టారా. వణుకు వస్తే ఏ గేరులో, ఏ ఆర్‌పీఎంలో, సెకనుకు ఎన్నిసార్లు వస్తోందో రాసుకుని వెళ్లాలి. గేర్‌బాక్స్ రెండోసారి దింపడం యజమానికి డబ్బు దండగ, మెకానిక్‌కు ఒళ్లు హూనం. ఆ అంకెలు చేతిలో ఉంటే కొత్త క్లచ్‌ను, దాన్ని బిగించిన మనిషిని ఊరికే నిందించే అవసరం ఉండదు. నిజంగా తప్పు వాళ్లదే అయితే కాదనే వీలూ ఉండదు.