చీనాభాషలోఁ దాళమును గూర్చిన మాటలు



పరభాష నేర్వఁగోరువారు పెద్దగ్రంథములతో నారంభింపఁ బనిలేదు. ఇంటి తలుపునొద్ద నారంభించినఁ జాలును. నా శిష్యుఁడొకఁడు వైద్యవిద్యకై చీనాదేశమున నైదేండ్లు వసించి తిరిగివచ్చెను. ఒంటిగా నొక గదిలో నున్న యాతనికిఁ దొలుత నక్కఱపడినవి తాళమును గూర్చిన మాటలేయఁట. వాని నేను నాతనివలన నేర్చితిని. కొన్నింటిని మీకు విన్నవించెదను.

తాళమును చీనావారు ‘సువో’ అందురు. కంఠస్వరము క్రిందికి దిగి మరల పైకి లేవవలెను. ఆ శబ్దమునే యెత్తైన సమస్వరమునఁ బలికినచో కుంచించుకొనుట యని యర్థమగును. వేదమున స్వరము తప్పిన నర్థము తప్పునని మన పెద్దలు చెప్పుదురు గదా! చీనాభాషలో సంతమాటకుఁ గూడ నీ నియమము కలదు.

తాళపుచెవి ‘యావ్‌షి’. ఒక చెవి యొక తాళమునే తెఱచునని వారి సామెత. ఒక్కొక్క చిక్కున కొక్కొక్క యుపాయము కావలెనని దాని భావము.

‘మన్’ అనఁగా తలుపు. ‘సువో’ అను మాటయే నామమును, క్రియయుఁ గూడ. ‘సువో మన్’ అనఁగా తలుపునకుఁ దాళము వేయుట. ‘క్వాన్ మన్’ అనఁగా తలుపు మూయుట మాత్రమే. ‘ఖాయ్ మన్’ తలుపు తీయుట. ఈ భేద మల్పమని తలఁపరాదు. ఇంటి యజమాని ‘సువో మన్’ అని చెప్పిపోఁగా, అద్దెకున్నవాఁడు దానిని ‘క్వాన్ మన్’ అని గ్రహించినచో, తలుపు చేరవేసి వెడలిపోవును. ఇల్లు దొంగకు విడిచినట్లే యగును.

తాళము పడినదా యని యడుగుటకు ‘మన్ సువో లె మా?’ అందురు. మనము క్రియ చివర ‘ఆ’ చేర్చి ప్రశ్నించునట్లే వారు ‘మా’ చేర్తురు. పడినచో ‘సువో లె’. పడనిచో ‘మేయ్ సువో’.

తలుపునకుఁ దాళము వేయుమని చెప్పుటకు ‘పా మన్ సువో షాంగ్’ అందురు. ఇందలి ‘పా’ మన ద్వితీయావిభక్తి చేయు పని చేయును. మన ప్రత్యయము నామమునకు వెనుక నుండును, వారిది ముందుండును. కర్మ ముందును, క్రియ పిదపను వచ్చుటచేఁ దెలుఁగువాని కీ వాక్యము సుకరము.

లిపి చూచిన మఱియు వేడుక. ‘మన్’ అను నక్షరము మొదట రెండు ఱెక్కల తలుపు బొమ్మ. 1956లోఁ బ్రకటించిన సులభలిపిలో ఱెక్కలు పోయి చట్రము మిగిలినది. ఆ చట్రములో నొక యడ్డగీఁత గీసినచో నది ‘ష్వాన్’, అనఁగా నడ్డగడియ. ‘సువో’ అక్షరమున కెడమవైపున లోహమును దెలుపు గుర్తు కలదు.

ఈ మాట తలుపులతోనే నిలువలేదు. చీనాతల్లులు పసిబిడ్డ మెడలో తాళము రూపమునఁ జేసిన వెండిబిళ్ల వేయుదురు. దానిని ‘ఛాంగ్ మింగ్ సువో’ అందురు. దీర్ఘాయువు తాళమని యర్థము. బిడ్డ ప్రాణము జాఱిపోకుండఁ దాళము వేయుట యని వారి నమ్మిక. మన తల్లులు తాయెత్తు కట్టుటయు నట్టిదే కదా! సొమ్మును గాచు మాటయే సంతానమును గాచుటకును వచ్చినది.

కావున మీ యిండ్లనుండి యా దేశమునకుఁ బోవు పిల్లలున్నచో, వారికి ముందుగా ‘మన్ సువో లె మా?’ అను ప్రశ్నను, దాని యుత్తరమును నేర్పుఁడు.