మీకు తెలుసా? గుంటూరు గ్రహణం నుంచి అంతరిక్షపు చలి దాకా

అంతరిక్ష టెలిస్కోపులను చల్లగా ఉంచిన హీలియం తొలి జాడ చూపింది గుంటూరు, మచిలీపట్నం మీదుగా సాగిన 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమే!

● ఆ రోజు గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన పాగ్సన్ స్పెక్ట్రోస్కోపులు పట్టుకుని సూర్యుణ్ణి చూశారు. సూర్యజ్వాలల వెలుగులో ఒక పసుపు గీత మెరిసింది. అది సోడియంది కాదని, భూమ్మీద ఎవరూ ఎరగని మూలకానిదని తర్వాత తేలింది. ఆ మూలకమే హీలియం. 1895లో అది శాస్త్రవేత్త రామ్సేకు భూమ్మీదే, ఒక ఖనిజంలో దొరికింది.

● మైనస్ 271 డిగ్రీల సెల్సియస్ దగ్గర ద్రవ హీలియం 'సూపర్‌ఫ్లూయిడ్' అవుతుంది. అప్పుడు దాని ప్రవాహానికి రాపిడే ఉండదు. వేడి చటుక్కున అంతటా పరుచుకుంటుంది కాబట్టి మరుగుతున్నా బుడగలు రావు.

● అంతరిక్షంలోని భారరహిత స్థితిలో ఈ ద్రవం టెలిస్కోపు ట్యాంకు అడుగున నిలవదు. అందుకే ఆవిరి బయటికి పోయే దారిలో సన్నని రంధ్రాల బిరడా పెడతారు. అది ద్రవాన్ని ఆపి, ఆవిరిని వదులుతుంది. పోయే ఆవిరి వేడిని తీసుకుపోతుంది. వేసవి ఎండల్లో మట్టికుండ చేసే పనీ ఇలాంటిదే: గోడల్లోంచి ఊరిన చెమ్మ ఆవిరై, లోపలి నీళ్లను చల్లబరుస్తుంది.

● 2009లో నింగికెగిరిన హెర్షెల్ టెలిస్కోపు 2,300 లీటర్లకు పైగా సూపర్‌ఫ్లూయిడ్ హీలియం మోసుకెళ్లింది. 2013 ఏప్రిల్ 29న అది అయిపోయింది. దాంతో హెర్షెల్ పరిశీలనలూ ముగిశాయి.