రెడ్‌వుడ్ మన ఎర్రచందనం కాదు

స్కాట్లాండ్‌లోని బెన్‌మోర్ ఉద్యానంలో దారికి అటూ ఇటూ బారులు తీరిన 49 రెడ్‌వుడ్ చెట్లున్నాయి. 1863లో నాటినవి. ఇప్పుడు ఒక్కొక్కటీ 50 మీటర్ల పైమాటే. వీటి చుట్టూ అల్లుకున్న అపోహలూ తక్కువేం కాదు.

అపోహ: రెడ్‌వుడ్ అంటే ఎర్రచందనమే.

పేరు చూసి పడే పొరపాటిది. శేషాచలం కొండల్లోని ఎర్రచందనం కంది, చింతల కుటుంబానికి చెందినది. రెడ్‌వుడ్ మాత్రం పైన్, దేవదారుల తరహా చెట్టు. పువ్వు పూయదు, కోన్లు కాస్తుంది. అందులోనూ మూడు రకాలు. అందరికన్నా పొడగరి కోస్ట్ రెడ్‌వుడ్, అందరికన్నా భారీకాయుడు జెయింట్ సెకోయా. బెన్‌మోర్‌లో బారులు తీరినవి ఈ సెకోయాలే. మూడోది చైనాది. చలికాలంలో ఆకంతా రాల్చేస్తుంది, అంతమాత్రాన చచ్చిందనుకోకూడదు.

అపోహ: వీటిని చూడాలంటే కాలిఫోర్నియాకే వెళ్లాలి.

అక్కర్లేదు. విలియం లాబ్ అనే మొక్కల వేటగాడు 1853లోనే సెకోయా గింజల్ని ఇంగ్లండుకు తెచ్చాడు. కిలోకి దాదాపు రెండు లక్షలు తూగే గింజలవి! అంతకు ముందు ఏడాదే పోయిన తమ సేనాని పేరిట బ్రిటన్ వాళ్లు ఈ చెట్టును ‘వెల్లింగ్టోనియా’ అన్నారు. చెట్టు అమెరికాది, పేరు బ్రిటన్ సేనానిది. అమెరికన్లకు ఒళ్లు మండిందంటే మండదా మరి? బ్రిటన్‌లో రెడ్‌వుడ్‌లు సుమారు ఐదు లక్షలున్నాయని 2024లో వచ్చిన ఒక అధ్యయనం పేర్కొంది.

అపోహ: అంత ఎత్తున్నాయంటే వేల ఏళ్ల నాటివే.

కాలిఫోర్నియాలో మూడు వేల ఏళ్లు దాటినవి ఉన్న మాట నిజమే. బ్రిటన్ సెకోయాలకు మాత్రం మహా అయితే 170 పైచిలుకు ఏళ్లు. ఆ లెక్కన ఇంకా పసివాళ్లే.

అపోహ: బ్రిటన్‌లో ఇన్నుంటే ఆ జాతికి ఢోకా లేనట్టే.

తోటలో పెంచిన చెట్టు అడవికి సాటి రాదు. 2020, 2021 కార్చిచ్చుల్లో కాలిఫోర్నియాలోని పెద్ద సెకోయాల్లో 13 నుంచి 19 శాతం దాకా పోయాయి.

అపోహ: అంత మానుకు వేళ్లు పాతాళం దాకా దిగి ఉంటాయి.

ముదిరిన సెకోయాకు తల్లివేరే ఉండదు. వేళ్లు కొద్ది మీటర్ల లోతులోనే చుట్టూ పరుచుకుంటాయి. మొదలు చుట్టూ జనం తిరిగితే నేల గట్టిపడి వాటికి గాలీ నీరూ అందవు. ఇక బెరడు సంగతి: వేలితో నొక్కితే స్పాంజిలా లోపలికి పోతుంది. కొందరు సరదాకి గుద్దులు కూడా గుద్దుతారు. ఆ మెత్తటి బెరడులోనే గుంటలు చేసుకుని ట్రీక్రీపర్ అనే చిన్న పిట్ట రాత్రుళ్లు తలదాచుకుంటుంది. అందుకే ఫొటో దిగాలనుకుంటే దారి మీద నిలబడే దిగండి.