ఎజైల్ అంటే ఏమిటి? పనిలో తృప్తి ఎక్కడిది?

మన హాస్టల్ సంచికకు ఏదైనా రాసివ్వమని తమ్ముళ్లు అడిగితే ఏం రాయాలో మాకు వెంటనే తోచలేదు. ఎం.సి.ఎ. ముగించి హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో ట్రైనీగా చేరి ఆరు నెలలైంది. ధూళిమిట్టకు వచ్చినప్పుడల్లా అందరూ అడిగేది ఒకటే: "అక్కడ ఏం పని చేస్తవు బిడ్డా?" మా అమ్మకు చెప్పినట్టే ఇక్కడా చెబుతాం.

మన దగ్గర నాట్లు రెండు తీర్లుగా వేస్తారు. రోజు కూలికి పోతే రైతు గట్టు మీద నిలబడి చెప్పినట్టు చేయాలి. గుత్తకు తీసుకుంటే ఎకరానికి ఇంత అని మాట్లాడుకొని గుంపుగా దిగుతారు. నారు ఎవరు పీకాలి, ఎవరు నాటాలి అన్నది వాళ్లే తేల్చుకుంటారు. (గుత్త నాటు పలుచగా పడుతుందని రైతులు గొణుగుతారు, అది వేరే సంగతి.) సాఫ్ట్‌వేర్‌లో 'ఎజైల్' జట్టు కొంతవరకు ఈ గుత్త గుంపు లాంటిదే.

"మరి గట్టు మీద ఎవరూ ఉండరా?" అని అమ్మ అడిగింది. ఉంటారు. ఏ పని ముందు కావాలో చెప్పే మనిషి ఒకరుంటారు. ఎట్లా చేయాలన్నది మాత్రం జట్టు ఇష్టం.

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కలిసి ఈ పద్ధతికి ఒక చిన్న ప్రకటన రాశారు. నియమాల కంటే, పనిముట్ల కంటే మనుషులకు, వాళ్ల మధ్య మాటలకు ఎక్కువ విలువ ఇవ్వాలన్నది అందులో మొదటి సంగతి. ఇందులో బాగా వాడుకలో ఉన్నది 'స్క్రమ్'. నెలకు మించకుండా పనిని ముక్కలు చేసుకుంటారు, ఒక్కో ముక్క ఒక 'స్ప్రింట్'. జట్టులో సాధారణంగా పది మందికి మించరు. రోజూ 15 నిమిషాలు కలుస్తారు. మా జట్టులో నిలబడే మాట్లాడుకుంటాం: నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం, ఎక్కడ ఆగింది?

ఇక తృప్తి సంగతి. హాక్‌మన్, ఓల్డ్‌హామ్ అనే పరిశోధకులు 1970లలోనే దీని గురించి రాశారు. పనిలో రకరకాల నేర్పు వాడాలి, మొదలు నుంచి చివరిదాకా మన చేతుల మీదుగా జరగాలి, అది ఇంకొకరికి పనికిరావాలి, మన నిర్ణయం కొంత ఉండాలి, ఎట్లా చేశామో మనకు తెలియాలి. ఎజైల్ సరిగా నడిస్తే ఈ ఐదూ దొరుకుతాయి. సరిగా నడవకపోతే ఆ 15 నిమిషాలు హాజరు పిలుపవుతుంది. మా పక్క జట్టులో అదే జరిగింది. పేరుకు ఎజైల్, నడిచేది రోజు కూలి.

మా తప్పూ చెప్పాలి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనుషులం మేమే. తెలియదంటే తెలివితక్కువ అనుకుంటారని చిన్నప్పటి నుంచి భయం. "ఎక్కడ ఆగింది?" అంటే మూడు నెలలు "ఏమీ లేదు" అనే చెప్పాం. ఒకసారి ఒక తప్పు దగ్గర నాలుగు రోజులు ఆగిపోయి దాచాం. స్ప్రింట్ చివర్లో బయటపడింది. జట్టంతా ఆదివారం ఆఫీసుకు వచ్చింది. "మొదటి రోజే చెబితే అరగంట పని తమ్ముడూ" అన్నది పక్క సీటు అక్క.

సోమవారం పొద్దున మళ్లీ ఆ ప్రశ్న వచ్చింది. ఫలానా చోట ఆగిపోయామని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాం. ఎవరూ నవ్వలేదు. అక్క కుర్చీ మా వైపు జరుపుకొని కూర్చున్నది.