అక్షరము చుట్టు అంచు

మార్కాపురపు పలక మీద ఓనమాలు దిద్దిన వారికి ఒక సంగతి జ్ఞాపకముండును. పంతులుగారు బలపముతో వ్రాసి యిచ్చిన ‘అ’ మీద పిల్లవాడు పదిమార్లు దిద్దును. దిద్దిన కొలదియు గీత లావెక్కును. అక్షరము నలువైపులకు ఉబ్బును. దాని కడుపులోని ఖాళీ సన్నగిల్లి తుదకు పూడిపోవును. లేజరు కిరణముతో చెక్కుటకును కోయుటకును బొమ్మలు సిద్ధపరచు కంప్యూటరు సాధనములలో ‘ఆఫ్‌సెట్’ అను పని యొకటి కలదు. అది చేయునదియు ఇంచుమించుగా ఇదియే. కాకున్న, పిల్లవాని చేయి వణకును. కంప్యూటరు ఎల్లచోట్ల ఒకే దూరమును పాటించును.

ఈ విషయము నాకు ఒక చిన్న నష్టము వలన బోధపడినది. పామూరులోని మా యింటి గుమ్మమునకు ‘అమ్మ’ అను రెండక్షరములను పలుచని ప్లైవుడ్డులో కోయించి తగిలింపవలెనని తలచితిని. బొమ్మ నేనే గీసి యిచ్చితిని. యంత్రము చక్కగా కోసినది. తీసి చూతుము గదా, చేతికి వచ్చినది ‘అమ’! మకారపు వత్తు విడివడి జల్లెడ వంటి పీఠము క్రిందికి జారిపోయినది. తప్పు యంత్రముది కాదు, నాదే. కాగితము మీద వత్తును అక్షరముతో కలిపి చదువునది మన కన్ను. చెక్కకు ఆ సంగతి తెలియదు.

ఇంగ్లీషు చిన్న అక్షరములలో ఐ, జె అను రెంటికే విడి చుక్కలుండును. మనకట్లు గాదు. వత్తులు విడి, సున్న విడి; ప, ష, స, హ వంటి వాని తలకట్టు కూడ పెక్కు అచ్చులలో ఒంటికి తగులక పైన తేలుచుండును. ‘మార్కాపురం’ అని కోయించి చూడుడు: కకారపు వత్తు, పకారపు తలకట్టు, చివరి సున్న — మూడును రాలును. కావున తెలుగు పేరును కోయదలచినవానికి, అన్ని ముక్కలను ఒడిలో పెట్టుకొను వెనుక పలక యొకటి కావలెను. ఆ పలక అంచును గీయునదే ఆఫ్‌సెట్.

వెక్టర్ బొమ్మ యనగా చుక్కల రాశి కాదు. కొన్ని బిందువులు, వానిని కలుపు వంపుల లెక్క. దాని అంచు వెంబడి ఒక రూపాయి బిళ్లను దొర్లించినట్లు భావింపుడు. బిళ్ల నడిబొడ్డు నడచిన దారియే ఆఫ్‌సెట్ గీత. బిళ్ల వ్యాసార్ధమే దూరము. దీనిని బొమ్మను పెద్దది చేయుటతో పొరబడరాదు. 100 మి.మీ. పొడవు, 40 మి.మీ. వెడల్పు గల చట్రమును పదోవంతు పెంచిన 110, 44 అగును. అనగా ప్రక్కలకు 5, పైకి క్రిందికి రెండేసి. 5 మి.మీ. ఆఫ్‌సెట్ ఇచ్చిన 110, 50 అగును; అంచు నాలుగు దిక్కుల సమానము. మూలల మాట వేరు. బిళ్ల మూల చుట్టు దొర్లునపుడు గుండ్రని వంపు తిరుగును. వాడిమూల కావలెనన్నను, కోసిన మూల కావలెనన్నను లైట్‌బర్న్ వంటి సాధనములలో ఎంచుకొనవచ్చును. తెలుగు అక్షరములకు గుండ్రని మూలయే అందమని నా అభిప్రాయము.

ఇక అసలు కిటుకు. అక్షరమునకు వత్తునకు నడుమ 3 మి.మీ. ఎడమున్నదనుకొందము. ఆఫ్‌సెట్ ఇటునుండియు అటునుండియు పెరుగును గనుక, 1.5 మి.మీ. దాటినంతనే రెండంచులు కలిసి ఒక్కటగును. అక్షరముల నడుమ 5 మి.మీ. ఉన్నచో 2.5 దాటవలెను. అట్లే లోపలి ఖాళీలు పూడును: 6 మి.మీ. వెడల్పు గల సున్న కడుపు 3 మి.మీ. ఆఫ్‌సెట్‌తో మాయమగును. వెనుక పలకకు అది మేలే.

లోపలికి ఇచ్చిన కథ మారును. వేసవిలో మన పడమటి సీమ చెరువులను చూచినవారికి చెప్పనక్కరలేదు. నీరు ఒడ్డునుండి లోనికి తగ్గుచు వచ్చి, నడుమ ఇరుకైనచోట ముందుగా తెగి, ఒక చెరువు రెండు మడుగులగును. సన్నని గీతలుగల అక్షరమునకు లోపలి ఆఫ్‌సెట్ ఎక్కువ యిచ్చినను అంతే. అక్షరము తునకలగును, లేదా బొత్తుగా ఇంకిపోవును.

పని క్రమము కష్టము కాదు. అక్షరములను ముందు గీతలుగా మార్చవలెను; ఒకదానిపై ఒకటి పడిన గుణింతపు గీతలను వెల్డ్ చేసి ఒక్కటి చేయవలెను. ఇది మరచినచో లోపలి గీతలను గూడ యంత్రము కోయును. పిదప దూరము చెప్పి బయటికి ఆఫ్‌సెట్ ఇయ్యవలెను. 2003 నుండి ఉచితముగా లభించుచున్న ఇంక్‌స్కేప్‌లో ‘లింక్డ్ ఆఫ్‌సెట్’ అను సదుపాయమున్నది. మూలపు బొమ్మను సవరించిన అంచు తనంత తానే సవరించుకొనును. వచ్చిన గీతలో బిందువులు లెక్కకు మించి కనబడిన కంగారుపడరాదు. వెక్టర్ వంపునకు సమదూరములో నుండు గీత సామాన్యముగా అదే జాతి వంపు కాదు. కావున సాధనము చిన్న చిన్న ముక్కలతో దానికి దగ్గరగా అల్లును.

కిరణమునకు గూడ ఒక వెడల్పున్నది. బారామతిలో 1938లో జన్మించిన కుమార్ పటేల్ 1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో రూపొందించిన కార్బన్ డయాక్సైడ్ లేజరే నేటి చెక్క కోత యంత్రములలో పెక్కింటికి ప్రాణము. అది కోసిన చోట చెక్క ఆవిరియై 0.2 మి.మీ. సందు ఏర్పడినదనుకొందము. 50 మి.మీ. ముక్క 49.8 అగును, దానిని పొదుగవలసిన రంధ్రము 50.2 అగును. బిగియవలసినది లొడలొడలాడును. ముక్కకు బయటికి 0.1, రంధ్రమునకు లోపలికి 0.1 ఆఫ్‌సెట్ ఇచ్చిన సరిపోవును.

మార్కాపురపు రాతిపైన మాత్రము ఇట్టి యంత్రముతో ఆరుపార కోయు పని పెట్టుకొనరాదు. నల్లని పలకరాయి కిరణము సోకినచోట తెల్లబారును, అంతవరకే. అచ్చట ఆఫ్‌సెట్ పేరు చుట్టు అలంకారపు గీతగా పనికివచ్చును.

మా ‘అమ్మ’ను మరల చేయించితిమి. అక్షరముల చుట్టు 4 మి.మీ. అంచుతో ఒక పలక, దానిపై కోసిన అక్షరములు. జారిపోయిన పాత వత్తునే జల్లెడ క్రిందినుండి ఏరి, తుడిచి, దాని చోట అంటించితిని. కొంచెము మసి అంటినది. దగ్గరగా చూచినవారికి తెలియును.